పొయ్యిలో కర్ర ఎప్పటి నుంచి నేరమైంది?

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మొన్న డిసెంబర్లో హాస్టల్లో మైదానం నుంచి వచ్చిన ఫ్రెండొకడు అడిగాడు, "మీ చింతపల్లి సైడు అంత చలి కదా, కర్రలు మోపు ఎంతకు కొంటార్రా?" అని. నాకు వెంటనే జవాబు రాలేదు. మేం కర్రలు ఎప్పుడూ కొనలేదు. అలాగని ఊరికే వచ్చాయా అంటే అదీ కాదు. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక సాయంత్రం మా అమ్మ వట్టి చేతులతో ఏడుస్తూ ఇంటికొచ్చింది. దారిలో ఒక గార్డు ఆపి ఎండుకర్రల మోపు దింపించి, గొడ్డలి లాక్కున్నాడట. ఆ రాత్రి నిప్పు ఆరిపోయింది. నాయనమ్మ తెల్లారేదాకా దుప్పటి కప్పుకుని కూర్చునే ఉంది.

మన చలి తెలియని గ్రూపు సభ్యుల కోసం ఒక మాట. లంబసింగికి ఇంకో పేరు కొర్రబయలు. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు. అలాంటి చోట పొయ్యి వంటకు మాత్రమే కాదు. దాని చుట్టూనే పడుకుంటాం. అటక మీద దాచిన విత్తనాల కంకులకు పురుగు పట్టకుండా చూసేది కూడా ఆ పొగే. ఎండాకాలంలోనే కర్రలు తెచ్చి చూరు కింద పేర్చుకోవాలి, లేకపోతే వానల్లో తడిసి పొగ తప్ప మంట రాదు. సన్నపుల్లలు వంటకి, లావు దుంగ రాత్రంతా కణకణలాడటానికి. మోసేది ఎక్కువగా ఆడవాళ్లే. ఆ పొగకి నాయనమ్మ కళ్లు పోతున్నాయి, అది కూడా దాచను.

డిగ్రీలో హిస్టరీ తీసుకున్నాక మా అమ్మ గొడ్డలి ఎందుకు పోయిందో లైబ్రరీలో వెతకడం మొదలుపెట్టాను. వెతుకుతూ పోతే రైలు దగ్గర తేలాను!

1856లో మద్రాసు ప్రెసిడెన్సీలో మొదటి రైలు నడిచింది. అదే ఏడాది అక్కడ అటవీ శాఖ పెట్టారు, క్లెగ్‌హార్న్ అనే డాక్టర్ దానికి అధికారి. ఇంజన్లకు బొగ్గు ఇంగ్లండ్ నుంచి ఓడల్లో రావాలి, ఖరీదు. అడవి కర్ర చౌక. అందుకని ఇంజన్లలో కర్రలే కాల్చారు, పట్టాల కింద స్లీపర్లకి మళ్లీ వేరే చెట్లు. అంటే చౌక కర్రల కోసం అడవి మీద పడ్డ పెద్ద గిరాకీదారు మనవాళ్లు కాదు, రైలు కంపెనీ. ఆ కర్రలు మన గూడెం కొండల్లోవి కాకపోవచ్చు. కానీ అడవి తరిగిపోతోందని చేసిన చట్టం మాత్రం మన గుమ్మం దాకా వచ్చింది.

ఇక్కడ నాకు ఆశ్చర్యం వేసిన సంగతి ఒకటుంది. అడవులన్నీ సర్కారువే అని పై ప్రభుత్వం చట్టం తేబోతే, 1871లో మద్రాసు రెవెన్యూ బోర్డే అడ్డం చెప్పింది. ఇక్కడి అడవులు ఏదో ఒక ఊరి హద్దులోవే, వాటి మీద ఊరివాళ్లకు హక్కులున్నాయి అని. తెల్లదొరలే రాసిన మాట ఇది! పదకొండేళ్లకు అదంతా పక్కన పెట్టి 1882లో మద్రాసు అటవీ చట్టం చేశారు. రిజర్వు గీత లోపల చెట్టు కొట్టినా కొమ్మ నరికినా నేరం. హక్కు కాస్తా రాయితీ అయిపోయింది. రాయితీ అంటే ఇచ్చినవాడు ఎప్పుడైనా తీసేసుకోగలడు.

మన కొండల్లో ఇది ఒక్కరోజులో జరగలేదు. రిజర్వు గీతలు మెల్లగా జరుగుతూ వచ్చాయి. పోడు మీద, మేత మీద, కర్రల మీద ఆంక్షలు పెరిగాయి. దానికి తోడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనుల్లో సరిగా కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి జరిగిందంటే దాని వెనక ఇన్ని ఉన్నాయి. మనం తుపాకుల కథే చెప్పుకుంటాం, మోపుల కథ చెప్పుకోం. అటు నైజాంలో గోండులదీ ఇదే బాధ. కొమురం భీం అడిగిన జంగల్‌లో పశువుల మేతా ఉంది, పొయ్యి కర్రా ఉంది.

స్వాతంత్ర్యం వచ్చాక 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వచ్చింది, రిజర్వు గీతలు అలాగే ఉన్నాయి. ఆ మధ్య కాఫీ వచ్చింది, నీడ కోసం సిల్వర్ ఓక్ వేశారు. తోట ఉన్నవాళ్లకు ఆ కొమ్మలు కొంత ఆసరా. 2016 తర్వాత ఉజ్వల గ్యాస్ కూడా వచ్చింది. మంచిదే, పొగ లేదు. కానీ గ్యాస్ పొయ్యి మీద అన్నం ఉడుకుతుంది, రాత్రి నాయనమ్మ కాళ్లు వెచ్చబడవు. ఇప్పుడు లంబసింగికి వచ్చే టూరిస్టులకు నెగళ్లు వెలుగుతుంటాయి. వాళ్ల నెగడు దగ్గర ఏ గార్డూ ఆగడం నేను చూడలేదు.

2006 అటవీ హక్కుల చట్టంలో చిన్న అటవీ ఫలసాయం అంటే ఏమేం వస్తాయో చదవండి. తేనె, వెదురుతో పాటు పొదల పుల్లలు, చెట్టు మొదళ్లు కూడా ఉన్నాయి. పచ్చి చెట్టు కొట్టుకోమని కాదు. 2008లో వచ్చిన నియమాల్లో అయితే ఆ ఫలసాయాన్ని తలమోపు మీద, సైకిలు మీద, తోపుడుబండి మీద తేవచ్చని పేర్లతో సహా రాశారు. మా అమ్మ తల మీద మోపు 2012లో సవరించేదాకా నియమాల పుస్తకంలో ఉండేదన్నమాట. అది చదివి లైబ్రరీలో కాసేపు అలాగే కూర్చుండిపోయాను. గొడ్డలి పోయిన నాటికే ఆ హక్కు ఉంది.

సామూహిక హక్కులకు గ్రామసభ ఫారం-బి పెట్టాలి. మా ఊరివాళ్లు పెట్టిన కాగితం జిరాక్స్ మొన్న సెలవుల్లో అడిగి చూశాను. తేనె రాశారు, అడ్డాకులు రాశారు, కుంకుళ్లు రాశారు. కర్రలు లేవు. మా చిన్నాన్నను అడిగితే నవ్వి, "కర్రలు కూడా రాయాలేటిరా, అవి ఎప్పుడూ మనవే గదా" అన్నాడు.

మీ ఊరి కాగితంలో రాశారా? ఇంటికెళ్లినప్పుడు చూసి చెప్పండి.