తెర మీదికి వచ్చిన రికార్డు: మేడ్చల్–శామీర్‌పేట ప్రాంతంలో కంప్యూటర్ మానిటర్ చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• కంప్యూటర్ మానిటర్, దాన్ని కలిపే కేబుళ్లు ఏ క్రమంలో మారాయో చెప్పగలుగుతారు.
• కొత్త మానిటర్‌ను బిగించడంలోని దశలను, ఒక్కో దశకు గల కారణాన్ని వివరించగలుగుతారు.
• భూమి రికార్డు కాగితం నుంచి తెర మీదికి మారడం వల్ల రైతుకు కలిగిన లాభనష్టాలను చర్చించగలుగుతారు.

1. పరిచయం

వాడుకలో చాలామంది 'కంప్యూటర్' అని చూపించేది మానిటర్‌నే. నిజానికి మానిటర్‌లో ఏ సమాచారమూ నిల్వ ఉండదు. సమాచారం సీపీయూ పెట్టెలోనో, దూరాన ఉన్న సర్వర్‌లోనో ఉంటుంది. కేబుల్ ద్వారా వచ్చిన సంకేతాన్ని బొమ్మగా చూపడమే మానిటర్ పని. ఈ తేడా చిన్నదిగా కనిపించవచ్చు. కానీ భూమి రికార్డు తెర మీదికి వచ్చిన తరువాత, 'నా పేరు ఎందుకు కనిపించడం లేదు?' అని అడిగే రైతుకు జవాబు ఈ తేడాలోనే ఉంది.

ధరణి పోర్టల్‌ను అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు 2020 అక్టోబరు 29న మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోని మూడుచింతలపల్లిలో ప్రారంభించారు. ఆ గ్రామం అంతకుముందు శామీర్‌పేట మండలంలో ఉండేది. తొలితరం భారతీయ కంప్యూటర్లను తయారుచేసిన ఈసీఐఎల్ కూడా ఇదే జిల్లాలో ఉంది. అందువల్ల తెర చరిత్రను చదవడానికి ఈ ప్రాంతం మంచి ఉదాహరణ.

2. తెర లేని కాలం

నిజాం పాలనలో మేడ్చల్, అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలో ఒక తాలూకా. ఈ జిల్లాలోని భూములు ఎక్కువగా నిజాం సొంత ఆస్తి అయిన సర్ఫ్-ఎ-ఖాస్ కింద ఉండేవి. 1949లో సర్ఫ్-ఎ-ఖాస్ ప్రభుత్వంలో విలీనమైంది. 1954–55లో తయారైన ఖాస్రా పహాణీ తరువాతి భూమి హక్కుల వివాదాలలో ముఖ్యమైన ఆధారంగా నిలిచింది. సేత్వార్, పహాణీ వంటి పత్రాలు అన్నీ చేతిరాతలోనే ఉండేవి. గ్రామస్థాయిలో వాటిని పట్వారీ రాసేవాడు, అతడే దాచేవాడు. రైతు తన భూమి వివరం తెలుసుకోవాలంటే పట్వారీ గడప తొక్కవలసిందే. 1984లో పట్వారీ వ్యవస్థ రద్దయింది. 1985లో మండలాలు ఏర్పడి, రికార్డు మండల రెవెన్యూ కార్యాలయం చేతికి వచ్చింది.

కాగితపు రికార్డుకు ఒక గుణం ఉంది. దానిపై దిద్దుబాటు జరిగితే కంటికి కనిపిస్తుంది. కొట్టివేత, వేరే సిరా, వేరే చేతిరాత దొరికిపోతాయి. పహాణీని పరిశీలించే న్యాయవాదులు మొదట చూసేది వీటినే. ఈ గుణాన్ని గుర్తుంచుకోండి. దీని అవసరం ఐదో భాగంలో వస్తుంది.

3. ఈసీఐఎల్, తొలి తెరలు

ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ 1967లో హైదరాబాద్ ఉత్తర శివారులో ఏర్పడింది. దీనికి వ్యవస్థాపకులు డాక్టర్ అయ్యగారి సాంబశివరావు. సమీపంలోని ఏ.ఎస్. రావు నగర్‌కు ఆ పేరు ఆయన వల్లే వచ్చింది. టీడీసీ-12 కంప్యూటర్ 1969లో రూపొందింది. ఆ తరువాత టీడీసీ-312, టీడీసీ-316 నమూనాలు వచ్చాయి. ఆ కాలపు యంత్రాలతో మనిషి మాట్లాడిన సాధనాలు ముఖ్యంగా టెలిటైప్, చిల్లులు పొడిచిన కాగితపు టేపు. జవాబు కాగితం మీద అచ్చయి వచ్చేది. కంప్యూటర్ ఉండటానికి తెర ఉండి తీరాలన్న నియమం లేదని దీనివల్ల తెలుస్తుంది.

తెర మరో దారిలో వచ్చింది. 1897లో జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ కాథోడ్ కిరణ గొట్టాన్ని రూపొందించాడు. టెలివిజన్ సెట్లకు, తొలి కంప్యూటర్ మానిటర్లకు ఇదే ఆధారం. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. దీన్నే 'సైట్' ప్రయోగం అంటారు. దానికి టీవీ సెట్లను ఈసీఐఎల్ తయారుచేసింది. ఆరుబయట ఇనుప జాలీతో చేసిన గొడుగు యాంటెన్నా, అక్కడినుంచి లోపలికి తీగ, చివరన తెర. సంకేతం పుట్టేచోటు, దాన్ని మోసే తీగ, చూపించే తెర అన్న మూడు భాగాల క్రమం నేటి మానిటర్‌కూ వర్తిస్తుంది.

4. కేబుల్ మారిన తీరు, మానిటర్ బిగించే విధానం

1987లో ఐబీఎం సంస్థ వీజీఏ పద్ధతిని తెచ్చింది. మూడు వరుసల్లో 15 పిన్నులు, రెండు వైపులా మరలు దీని గుర్తులు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల సంకేతాలు వేర్వేరు పిన్నుల ద్వారా వెళ్తాయి. అందుకే ఒక పిన్ను వంగితే తెర అంతా ఒకే రంగు పులుముకున్నట్లు కనిపిస్తుంది. డిజిటల్ సంకేతం కోసం 1999లో డీవీఐ, 2002 చివర హెచ్‌డీఎంఐ, 2006లో డిస్‌ప్లేపోర్ట్ వచ్చాయి. అయినా పాత కార్యాలయాల్లో వీజీఏ కేబుల్ చాలాకాలం నిలిచింది. ఒక పద్ధతి వచ్చిన రోజునే పాతది అంతరించదన్న చరిత్ర సూత్రానికి ఇది చక్కని ఉదాహరణ.

కొత్త మానిటర్‌ను బిగించే క్రమం ఇది:
(1) కంప్యూటర్‌ను, మానిటర్‌ను ఆపి, స్టాండు బిగించండి. ప్యానెల్‌ను వేళ్లతో నొక్కకండి.
(2) రెండింటికీ వెనుక ఉన్న పోర్టులను చూసి, రెండుచోట్లా సరిపోయే కేబుల్ ఎంచుకోండి. ఒకవైపు వీజీఏ, మరోవైపు హెచ్‌డీఎంఐ మాత్రమే ఉంటే, సంకేతాన్ని మార్చే కన్వర్టర్ కావాలి.
(3) సీపీయూలో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్‌ను ఆ కార్డు పోర్టుకే కలపాలి. మదర్‌బోర్డు పోర్టుకు కలిపితే తెర నల్లగానే ఉండిపోవచ్చు.
(4) ముందు మానిటర్‌ను, తరువాత కంప్యూటర్‌ను ఆన్ చేసి, మానిటర్ బటన్లతో సరైన ఇన్‌పుట్‌ను ఎంచుకోండి.
(5) సెట్టింగుల్లో మానిటర్ సహజ రిజల్యూషన్‌ను ఎంచుకోండి. లేకపోతే అక్షరాలు మసకగా కనిపిస్తాయి.

'నో సిగ్నల్' అని వస్తే మానిటర్‌కు కరెంటు అందుతోందని, సంకేతం మాత్రమే రావడం లేదని అర్థం. కేబుల్, పోర్టు, ఇన్‌పుట్ ఎంపికలను వరుసగా చూడాలి. లోపం ఎక్కడ ఉందో కనిపెట్టడానికి సంకేతం నడిచే దారినే వెనక్కి నడవాలి.

5. కార్యాలయంలో తెర

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998 నవంబరు 4న 'కార్డ్' పథకం రెండు వందలకు పైగా రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లో మొదలైంది. ఆస్తి విలువ లెక్క, ఈసీ జారీ, దస్తావేజు నకలు కంప్యూటర్ ద్వారా జరగసాగాయి. 2011లో మీసేవ వచ్చింది. 2017 సెప్టెంబరు 15న తెలంగాణలో భూ రికార్డుల ప్రక్షాళన మొదలైంది. వివాదం ఉందని భావించిన ఖాతాలను 'పార్ట్-బి'లో ఉంచి, మిగిలినవాటికి కొత్త పాసుపుస్తకాలు ఇచ్చారు. 2020లో వీఆర్వో పోస్టులు రద్దయ్యాయి. కొత్త చట్టం ప్రకారం తహసీల్దారే వ్యవసాయ భూమిని రిజిస్టరు చేసి, ఆ వెంటనే మ్యుటేషన్ కూడా చేయసాగారు.

లాభం స్పష్టమే. స్లాట్ బుక్ చేసుకుంటే అమ్మకం, పేరు మార్పు ఒకే రోజు పూర్తయ్యాయి. మ్యుటేషన్ కోసం నెలల తరబడి తిరగడం తప్పింది. నష్టం కూడా అంతే స్పష్టం. పేరులో తప్పు, విస్తీర్ణంలో తేడా, పట్టా భూమి నిషేధిత జాబితాలో చేరడం వంటి ఫిర్యాదులు పెద్ద సంఖ్యలో వచ్చాయి. ఈ తప్పులు తెరవి కావు. తెర తనకు అందినదాన్ని చూపింది. తప్పు ఎక్కించినచోట, అంతకుముందు కాగితంలో ఉంది. సంకేతం నడిచిన దారినే వెనక్కి నడిస్తే పార్ట్-బి దాకా, పహాణీ దాకా, కొన్నిసార్లు ఖాస్రా పహాణీ దాకా వెళ్లవలసి వస్తుంది.

ఇక్కడే కాగితం గుణం గుర్తుకు రావాలి. తెర మీద దిద్దుబాటు మచ్చ కనిపించదు. ఎవరు, ఎప్పుడు మార్చారన్న వివరం సర్వర్‌లో నమోదై ఉన్నా, దాన్ని చూసే అధికారం రైతుకు ఉండదు. పైగా కౌంటరు అవతల నిలబడ్డవారికి మానిటర్ వెనుక భాగమే కనిపిస్తుంది. పట్వారీ దగ్గర దఫ్తరం మూసి ఉన్నట్లే, ఇక్కడ తెర అటువైపు తిరిగి ఉంటుంది. దీనికి సాంకేతిక పరిష్కారం కష్టం కాదు. రెండో మానిటర్‌ను కలిపి 'డూప్లికేట్' ఎంపిక పెడితే, అధికారి చూసేదే రైతూ చూస్తాడు. అచ్చు కాకముందే తన పేరు, సర్వే నంబరు సరిచూసుకుంటాడు. చట్టపరమైన పరిష్కారం దిశగా భూభారతి చట్టం అప్పీలు వ్యవస్థను కల్పించింది. 2025 ఏప్రిల్ 14న భూభారతి పోర్టల్ ప్రారంభమైంది.

6. సారాంశం

మేడ్చల్ ప్రాంతంలో రికార్డు పట్వారీ దఫ్తరం నుంచి మండల కార్యాలయానికి, అక్కడినుంచి సర్వర్‌కు చేరింది. తెర దాన్ని వేగంగా చూపింది, కానీ దాని తప్పొప్పులను నిర్ణయించలేదు. రికార్డు ఎక్కడ ఉంది, దాన్ని ఎవరు చూడగలరు, ఎవరు దిద్దగలరు అన్న మూడు ప్రశ్నలు కాగితం కాలంలో ఎంత ముఖ్యమో తెర కాలంలోనూ అంతే ముఖ్యం. మీ కుటుంబానికి భూమి ఉంటే పాత పహాణీ నకళ్లను పారవేయకండి. తెర మీది వివరాన్ని సరిచూడటానికి అవే ఆధారం.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. తెరపై 'నో సిగ్నల్' అని వచ్చినప్పుడు ఏయే అంశాలను ఏ క్రమంలో పరిశీలించాలి?
2. 'సైట్' ప్రయోగంలో ఈసీఐఎల్ పాత్రను రెండు వాక్యాలలో రాయండి.
3. కాగితపు రికార్డులో, కంప్యూటర్ రికార్డులో దిద్దుబాటు కనిపించే తీరును పోల్చండి.
4. మీ మండల కార్యాలయంలో మానిటర్ ఎటు తిరిగి ఉందో గమనించి, దాని ప్రభావంపై ఒక పేజీ వ్యాసం రాయండి.