అదే కొలత, వేరే మందు

పోయిన సంవత్సరం మా స్కూలు నుంచి మమ్మల్ని ఊటీకి తీసుకుపోయినారు. మేట్టుపాళయంలో చిన్న రైలు ఎక్కినాము. కూనూరు దాటినాక వెల్లింగ్టన్, దాని తర్వాత అరువంకాడు అనే చిన్న స్టేషను వస్తుంది. అక్కడ మా సాంఘికశాస్త్రం సారు కిటికీలోంచి చెయ్యి చూపించి, “ఇక్కడ 1903లో పెట్టిన మందు ఫ్యాక్టరీ ఉంది, పేరు కార్డైట్ ఫ్యాక్టరీ” అని చెప్పినారు. వెనక సీట్లోంచి ఎవరో “ఏ జబ్బుకు సార్ ఆ మందు?” అని అడిగినారు. బోగీ అంతా నవ్వింది. అది తుపాకి మందు అని సారు చెప్పేసరికి నాకు నవ్వు ఆగిపోయింది. మా తాత గుర్తుకొచ్చినాడు.

మన భాషలో మందు అనే మాట చాలా పనులు చేస్తుంది. జ్వరానికి వేసుకునేది మందు, చేనుకు కొట్టేది మందు, తాగేది మందు, తుపాకిలో పోసేది కూడా మందే. దీనివల్ల మా ఇంట్లో ఒక మాట ఇరవై ఏళ్ళకు పైగా నలుగుతోంది. మా తాతది దెంకణికోట పక్క పల్లె. అడవి పందులు రాగి చేలో పడకుండా కాపలా కాయడానికి ఆయన దగ్గర లైసెన్సు ఉన్న పాతకాలపు తుపాకి ఒకటి ఉండేది. మూతి వైపు నుంచి మందు పోసి కూరే రకం. నేను పుట్టకముందు ఒక రాత్రి అది గొట్టం దగ్గరే పగిలింది. తాత ఎడమ చేతి రెండు వేళ్ళు పోయినాయి. ఊళ్ళో అందరూ ఒకటే అన్నారు: “మందు తాగి మందు పోసినాడు.” మా అవ్వ కూడా అదే అంటుంది. తాత మాత్రం ఎప్పుడు అడిగినా ఒకే జవాబు చెప్తాడు. “అదే వెదురు గొట్టం పాపా, అదే కొలత. ఒక్క పలుకు ఎక్కువ పోయలేదు.”

నేను కొంచెం గుచ్చి అడిగితే ఇంకో సంగతి చెప్పినాడు. ఆ ఏడు ఎప్పుడూ తెచ్చే మందు అయిపోయింది. జాతరకు బాణసంచా కట్టే ఒకాయన దగ్గర కొంచెం ఇప్పించుకున్నాడు. “అదీ నల్లగానే ఉండె. మందు అంటే మందే కదా అనుకుంటి” అన్నాడు. ఈ వ్యాసం ఆ ఒక్క మాట కోసమే రాస్తున్నాను. మందు అంటే మందేనా? చరిత్ర చూస్తే ఆ పొరపాటు మా తాత ఒక్కడే చేయలేదు.

నల్లమందు చైనాలో పుట్టింది. సురేకారం, గంధకం, బొగ్గు కలిపి నూరితే అది తయారవుతుందని అక్కడివాళ్ళు వెయ్యేళ్ళకు ముందే కనిపెట్టినారు. అందులో ముఖ్యమైనది సురేకారం. మన వైపు ఉప్పరవాళ్ళు చవిటి మట్టిని నీళ్ళలో కలిపి, వడగట్టి, కాచి ఉప్పూ సురేకారమూ తీసేవాళ్ళు. ఈస్టిండియా కంపెనీ బీహారు నుంచి ఓడలకొద్దీ సురేకారం ఇంగ్లండుకు పంపింది. (టిప్పు సుల్తాను రాకెట్ల గురించి మన పత్రికలో ఇంతకుముందే వచ్చింది కాబట్టి దాని జోలికి పోను.)

మొదట్లో యూరపులో ఆ మూడింటినీ పిండిలాగా నూరి అలాగే వాడేవాళ్ళు. బండి మీద వేసి తీసుకుపోతే దారిలో కుదుపులకు బరువైనవి అడుగుకు, తేలికవి పైకి విడిపోయేవి. పైగా పిండిని గట్టిగా కూరితే మంట లోపలికి పోదు. 15వ శతాబ్దంలో దాన్ని తడిపి, ముద్ద చేసి, ఆరబెట్టి, రవ్వలాగా పలుకులు చేయడం మొదలుపెట్టినారు. పలుకుల సందుల్లోంచి మంట ఒక్కసారిగా పాకుతుంది. అసలు విషయం ఇక్కడే బయటపడింది. పలుకు సైజు మారితే మందు గుణమే మారిపోతుంది. ఇది మా అవ్వ పొయ్యి దగ్గర చూస్తే తెలుస్తుంది. ఒకే చెట్టు కట్టె. మొద్దుగా పెడితే పూటంతా కాలుతుంది, చిదుగులుగా చీలిస్తే గబుక్కున మండి అయిపోతుంది. బరువు ఒకటే, మంట వేగం వేరు.

అందుకని ఫిరంగికి పెద్ద పలుకులు, భుజం తుపాకికి నడిమివి, పిస్తోలుకు సన్నవి అని విడివిడిగా చేసినారు. పిస్తోలు గొట్టం జానెడు కూడా ఉండదు. గుండు బయటికి పోయేలోపే మందు మొత్తం కాలిపోవాలి. పెద్ద ఫిరంగిలో బరువైన గుండు మెల్లగా కదులుతుంది. అక్కడ సన్న మందు వేస్తే గుండు కదిలేలోపే ఒత్తిడి అంతా పుట్టి గొట్టాన్నే చీలుస్తుంది. అమెరికా అంతర్యుద్ధం (1861-65) నాటికి థామస్ రాడ్‌మన్ అనే సైనికాధికారి దీన్ని ఇంకా ముందుకు తీసుకుపోయినాడు. మందును పెద్ద బిళ్ళలుగా చేసి వాటికి చిల్లులు పెట్టించినాడు. మామూలుగా పలుకు కాలేకొద్దీ చిన్నదై మంట తగ్గుతుంది. చిల్లు అయితే కాలేకొద్దీ పెద్దదవుతుంది కాబట్టి లోపలి మంట పెరుగుతూ గుండును చివరిదాకా తోస్తుంది. లెక్కల్లో వైశాల్యం ఎందుకు నేర్చుకోవాలి అని మా క్లాసులో అడిగేవాళ్ళకు ఇది చెప్పాలనిపించింది.

తర్వాత 1884లో పాల్ వియే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పొగలేని మందు కనిపెట్టినాడు. రెండేళ్ళకే ఫ్రాన్సు సైన్యానికి దానితో పేలే కొత్త రైఫిల్ వచ్చింది. అప్పటిదాకా నాలుగు గుండ్లు కాలిస్తే ఎదుటివాడు కనబడనంత పొగ కమ్మేది. కొత్త మందుకు పొగ దాదాపు లేదు, బలమేమో కొద్దిదానికే చాలా ఎక్కువ. ఇక్కడే మా తాత కథ లాంటిది వేల ఇళ్ళలో జరగడానికి దారి పడింది. ఎందుకంటే అప్పటికి అమెరికాలో, ఇంగ్లండులో వేటగాళ్ళు కాల్చేసిన తూటా తొడుగులను పారేయకుండా మళ్ళీ మందు పోసుకుని వాడుకోవడం బాగా అలవాటు చేసుకున్నారు. ఇంటింటా ఒక కొలత గిన్నె ఉండేది. అది నల్లమందు గిన్నె.

ఆ గిన్నె కోసమే కంపెనీలు కొన్ని పొగలేని మందులను పొంగించినట్టు తేలికగా చేసినాయి. నల్లమందు ఎంత పోస్తారో అంతే గిన్నెడు పోస్తే సరిపోయేటట్టు. ప్రష్యా సైనికాధికారి షుల్ట్జ్ 1860లలోనే చెక్కతో చేసిన మందు అలాంటిదే. ఇంకొన్ని మాత్రం చిక్కని మందులు. వాటిని త్రాసులో తూయాలి, గిన్నెతో కొలవకూడదు. రెండూ అదే డబ్బాల్లో అదే అంగట్లో అమ్మినారు. అలవాటు కొద్దీ చిక్కని మందును పాత గిన్నెతో కొలిచి పోసినవాళ్ళ తుపాకులు పగిలినాయి, చేతులు పోయినాయి. వాళ్ళు కూడా ఇంట్లో “అదే కొలత” అనే చెప్పి ఉంటారు కదా. అమెరికాలో వేట తూటాల డబ్బాల మీద ఈ రోజుకీ “ఇన్ని డ్రాముల నల్లమందుకు సమానం” అనే అర్థం వచ్చే లెక్క వేస్తుంటారు. నల్లమందు పోయి వందేళ్ళు దాటినా దాని గిన్నె ఇంకా పోలేదు.

పిస్తోళ్ళ దగ్గర ఈ చిక్కు ఇంకోలాగా వచ్చింది. నల్లమందు రోజుల్లో తూటా తొడుగు నిండా మందు పట్టేది. కొత్త మందు అందులో అడుగున చారెడు కూడా ఉండదు, మిగతాదంతా ఖాళీ. ఇంగ్లండువాళ్ళు దీనికి ఒక దారి చూసుకున్నారు. వాళ్ళ సైన్యం రివాల్వరు తూటా తొడుగునే పొట్టిగా కోసి 1897లో కొత్త రకం తెచ్చినారు. అమెరికావాళ్ళు తొడుగులను అలాగే ఉంచి, వాటికి తగిన మందు వెతికినారు. అందుకే నల్లమందు కాలం చివర్లో పుట్టిన పాయింట్ 38 స్పెషల్ తూటా తొడుగు ఇప్పటికీ అవసరానికి మించి పొడుగ్గా ఉంటుంది.

లాఫ్లిన్ అండ్ ర్యాండ్ అనే కంపెనీ 1898లో బుల్స్‌ఐ అనే మందును, 1900లో యునీక్ అనే మందును తెచ్చింది. బుల్స్‌ఐ చాలా చురుకైనది, పొట్టి గొట్టానికి సరిగ్గా సరిపోతుంది, కొంచెం పోస్తే చాలు. అదే దాని ప్రమాదం కూడా. పరధ్యానంగా ఒకే తొడుగులో రెండుసార్లు పోసినా లోపల ఇంకా చోటు మిగిలి ఉంటుంది, కంటికి తెలీదు. యునీక్ కొంచెం నిదానం, రేకులు రేకులుగా ఉబ్బుగా ఉంటుంది. రెండుసార్లు పోస్తే చాలా తొడుగుల్లో పైకి వచ్చి కనబడుతుంది. చిన్న పిస్తోలుకూ, పెద్ద రివాల్వరుకూ, వేట తుపాకికీ కూడా పనికివస్తుంది. అన్నిటికీ ఒకే డబ్బా కావాలనుకునేవాళ్ళు నూరేళ్ళకు పైగా దాన్నే కొంటూ వచ్చినారు. 1912లో అక్కడి కోర్టు తీర్పుతో పెద్ద కంపెనీ ముక్కలైంది, ఆ తర్వాతా యజమానులు మారినారు, డబ్బా మీద పేరు మాత్రం మారలేదు. అట్లాంటి మందుకు కూడా హద్దు ఉంది. పెద్ద రైఫిలును పూర్తి బలంతో కాల్చడానికి అది సరిపడదు. ఆ మందు ఎందుకు అంత నిలబడిందో చదువుతుంటే నాకు ఒకటి అనిపించింది. దానికంటే బలమైనవి, శుభ్రంగా కాలేవి చాలా వచ్చినాయి. అయినా మనిషి పొరపాటు చేస్తే చూపించే గుణం అన్నిటికీ ఉండదు.

(మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. ఈ వ్యాసం చదివి మా సారు మొదట అడిగింది అదే, అందుకని రాసేస్తున్నాను.)

ఇక అరువంకాడుకు వస్తాను. బ్రిటిషు ప్రభుత్వానికి వేరే కోరిక ఉండేది. పిస్తోలు, రైఫిలు, యుద్ధనౌక ఫిరంగి అన్నిటికీ ఒకే మందు కావాలి. 1889లో ఏబెల్, డ్యూవర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దాన్ని చేసినారు. అదే కార్డైట్. కార్డ్ అంటే తాడు. మందును ముద్దగా కలిపి మురుకుల గొట్టంలో వేసి ఒత్తినట్టు ఒత్తుతారు. బిళ్ళకు సన్న రంధ్రం పెడితే రైఫిలుకు దారం లాంటి పోగులు వస్తాయి, పెద్ద రంధ్రం పెడితే ఫిరంగికి లావు కడ్డీలు. పిండి ఒకటే, బిళ్ళ మారుతుంది. పాత రోజుల పలుకు సైజు సంగతే ఇది, వేరే వేషంలో.

నోబెల్ బహుమతి పెట్టిన ఆల్ఫ్రెడ్ నోబెల్ ఇది తన మందుకు కాపీ అని కోర్టుకు పోయి 1895లో ఓడిపోయినాడు. ఆయన పేటెంటులో ఫలానా ద్రవాల్లో కరిగే రకం దూదిమందు అని రాసుకున్నాడు, కార్డైట్‌లో వాడింది కరగని రకం. ఒక మాట దగ్గర కేసు పోయింది. కార్డైట్‌కూ ఒక దోషం ఉండేది. మంట వేడికి గొట్టాలు లోపల అరిగిపోయేవి. అందుకని దాని పాళ్ళు మార్చి నైట్రోగ్లిజరిన్‌ను సుమారు సగానికి తగ్గించినారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంకో కష్టం వచ్చింది. ఆ ముద్ద కలపడానికి ఎసిటోన్ కావాలి, అది దొరకలేదు. మాంచెస్టరులో పనిచేసే వైజ్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్త మొక్కజొన్నను సూక్ష్మజీవులతో పులియబెట్టి ఎసిటోన్ తీసే పద్ధతి ఇచ్చినాడు. (ఆయనే తర్వాత ఇజ్రాయెల్ మొదటి అధ్యక్షుడు.) ఆ గింజలకూ కరువు వచ్చేసరికి 1917లో ఇంగ్లండు బడిపిల్లలను హార్స్ చెస్ట్‌నట్ అనే చెట్టు కాయలు ఏరి పంపమన్నారు. ఎందుకో వాళ్ళకు చెప్పలేదు. పిల్లలు బస్తాలు బస్తాలు ఏరినారు. మన బడిలో వేపగింజలు ఏరినట్టు ఏరి ఉంటారు. వాటిలో చాలా భాగం రైలు స్టేషన్లలోనే కుళ్ళిపోయినాయి.

అరువంకాడులో ఆ రోజుల్లో పక్కనున్న కాటేరి జలపాతం నీళ్ళతో కరెంటు తీసి ఫ్యాక్టరీ నడిపినారు. ఫ్యాక్టరీ ఇప్పటికీ నడుస్తోంది, 2021 నుంచి మ్యూనిషన్స్ ఇండియా అనే ప్రభుత్వ కంపెనీ కింద. మా రైలు అక్కడ రెండు నిమిషాలు ఆగి కేత్తి వైపు కదిలింది.

ఈ వ్యాసం రాయడం అయినాక పోయిన ఆదివారం పల్లెకు పోయి తాతకు అంతా చదివి వినిపించినాను. బాణసంచా మందు చాలా సన్నది, చురుకైనది, కాబట్టి కొలత మారకపోయినా గొట్టం పగిలి ఉండొచ్చు తాతా అని చెప్పినాను. ఆయన చాలాసేపు తన ఎడమ చేయి చూసుకుంటూ కూర్చున్నాడు. తర్వాత లోపలికి కేకేసినాడు. “ఏమే, విన్నావా? కొలత తప్పలేదంట. బుక్కుల్లోనే ఉందంట.”

అవ్వ రాగులు చెరుగుతూనే, “అయితే ఆ రాత్రి తాగలేదా నువ్వు?” అని అడిగింది.

తాత కొంచెంసేపు ఆలోచించినాడు. “తాగింటి. కొలత మాత్రం తప్పలేదు” అన్నాడు.