ఇంటి లోపలి గోడలకు రంగు పూతలు

ఇంటి లోపలి గోడలకు మామూలుగా ఒక ప్రైమర్ పూత, దాని మీద రెండు రంగు పూతలు వేస్తారు. పనివాళ్లు పూతను ‘కోటింగ్’ అంటారు. గోడ బాగుండి, పాత రంగే మళ్లీ వేస్తుంటే ఒక్క పూత చాలవచ్చు. ముదురు రంగు మీద లేత రంగు వేసేటప్పుడు మూడు, ఒక్కోసారి నాలుగు పట్టవచ్చు. కేంద్ర ప్రజాపనుల శాఖ (సీపీడబ్ల్యూడీ) పని వివరాల్లో ప్లాస్టిక్ ఎమల్షన్‌కు కొత్త గోడ మీద ‘రెండు లేదా అంతకు మించి’, పాత గోడ మీద ‘ఒకటి లేదా అంతకు మించి’ పూతలని ఉంటుంది. పూతల సంఖ్యకు పై హద్దు పెట్టలేదు. గోడంతా ఒకే ఛాయలో కనబడాలన్నదే అక్కడ షరతు.

రెండో పూత ఎందుకు

ఒక లీటరు రంగును 10 చదరపు మీటర్ల మీద సమంగా పరిస్తే తడి పొర మందం 100 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతు. రంగు ఘనపరిమాణంలో గట్టి పదార్థం 35 శాతం ఉంటే, నీరు ఆరాక మిగిలేది 35 మైక్రాన్లే. రోలరు గోడ మీద సన్నని మిట్టలు, పల్లాలు వదులుతుంది. పల్లాల్లో పొర ఇంకా పలచన. ఆ లోటును రెండో పూత పూడుస్తుంది. రెండింటి పని ఒకే మందపు పూతతో కానిద్దామనుకుంటే రంగు కిందికి కారుతుంది. పైన ఆరి లోపల పచ్చిగా ఉండి పగుళ్లిస్తుంది. నీళ్లు ఎక్కువ కలిపితే పూతల లెక్క పెరుగుతుందే గాని గోడకు చేరే సరుకు పెరగదు.

రంగును బట్టి

అడుగు కనబడకుండా కప్పే గుణం ప్రధానంగా టైటానియం డయాక్సైడ్‌ది. దాని వక్రీభవన గుణకం 2.7 దాకా ఉంటుంది. రంగును పట్టి ఉంచే జిగురు పదార్థానిది సుమారు 1.5. ఈ తేడా ఎంత ఎక్కువైతే వెలుగు అంతగా చెదిరి, అడుగు అంతగా మరుగున పడుతుంది. సుద్దపొడి గుణకం 1.6కు దగ్గర కాబట్టి, అది ఎక్కువగా కలిసిన చౌక రంగులకు పూతలు ఎక్కువ పడతాయి. కాంతివంతమైన ఎరుపు, పసుపు రంగుల్లో టైటానియం డయాక్సైడ్‌కు చోటు తక్కువ. అందుకే అవి అడుగును తొందరగా కప్పవు. వాటికి ముందు దగ్గరి ఛాయలో ఒక అడుగు పూత వేస్తే పైరంగు ఆదా అవుతుంది.

కొత్త గోడ

సిమెంటు పూత పచ్చిగా ఉన్నప్పుడు గోడలో తేమ, క్షారగుణం రెండూ ఎక్కువ. నీటితో తడపడం పూర్తయ్యాక కూడా గోడ బాగా ఆరాలి. తొందరపడితే రంగు వెలిసిపోతుంది, తెల్లని ఉప్పు పైకి తేలుతుంది. తర్వాత లప్పం (పుట్టీ) రెండు సార్లు పట్టించి, ఎమరీ కాగితంతో నునుపు చేసి, దుమ్ము దులిపి ప్రైమర్ వేస్తారు. ప్రైమర్ లేని గోడ రంగును అక్కడక్కడ ఎక్కువగా పీల్చేసుకుని మచ్చలు మచ్చలుగా కనబడుతుంది. కరెంటు పైపుల కోసం కొట్టిన గాడిని పూడ్చిన చోట ఈ మచ్చ కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

పాత గోడ

చేత్తో రాస్తే పొడి అంటుకునే సున్నం మీద, పాత డిస్టెంపర్ మీద నేరుగా ఎమల్షన్ వేస్తే అది పెచ్చులుగా ఊడుతుంది. అక్కడ ముందు గీకుడు పని, ఆ తర్వాతే ప్రైమర్. మెరిసే ఆయిల్ పెయింటును గరుకు చేయకపోతే కొత్త రంగు పట్టదు. వంటింటి పొగ మరకలు నీటి రంగులోంచి మళ్లీ పైకి వస్తాయి. మరకను ఆపే ప్రైమర్ కావాలి. చెమ్మకు మాత్రం ఎన్ని పూతలూ మందు కావు, నీరు వచ్చే దారి మూయాల్సిందే. గృహ రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన దేశంలో 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. అంతకు ముందటి రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి వాటిని పొడిగా గీకకుండా తడిపి గీకడం మేలు.

సున్నం

సంక్రాంతికి ముందు ఇళ్లకు వెల్ల వేయడం తెలుగు పల్లెల ఆనవాయితీ. సీపీడబ్ల్యూడీ లెక్కలో కొత్త గోడకు సున్నం మూడు లేదా అంతకు మించి పూతలు. అందులో ఒక పూత అంటే కుంచె ఒక్కసారి ఆడించడం కాదు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి, కుడినుంచి, ఎడమనుంచి, తడి ఆరక ముందే నాలుగు దిక్కులా కుంచె తిరిగితేనే ఒక పూత. తడిలో నీళ్లలా కనిపించిన సున్నం ఆరాకే తెల్లబడుతుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి సున్నపురాయిగా మారి గట్టిపడుతుంది.

లెక్క, తనిఖీ

ఒప్పందంలో ‘రెండు కోటింగులు’ అంటే సాధారణంగా పైరంగు మాత్రమే. లప్పం, ప్రైమర్ విడిగా రాసుకోవాలి. ఎమల్షన్ పూతల మధ్య విరామం డబ్బా మీద ఉంటుంది, మామూలుగా కొన్ని గంటలు. వానాకాలంలో ఇంకా పడుతుంది. తడి గోడను చూసి తీర్పు చెప్పకూడదు. పూర్తిగా ఆరాక, కిటికీ వెలుతురు పక్కవాటుగా పడేటప్పుడు చూస్తే అడుగు రంగు, రోలరు అతుకులు బయటపడతాయి. అవి కనబడినంత కాలం మరో పూత బాకీ ఉన్నట్టే.