సినిమా రిలీజ్ ప్రచారం: పోస్టర్ మీద కోట్లకు అర్థమేంటి? టికెట్ కొనే ముందు ప్రేక్షకుడు ఏం చూసుకోవాలి?

కొత్త సినిమా వస్తోందంటే చాలు.. ముందు గ్లింప్స్, తర్వాత టీజర్, లిరికల్ సాంగ్స్, ట్రైలర్, ప్రీ రిలీజ్ ఈవెంట్. సినిమా విడుదలైన మర్నాడే కలెక్షన్ల పోస్టర్. ఈ హడావిడి అంతా ఎవరి కోసం? ఇందులో ప్రేక్షకుడికి పనికొచ్చే సమాచారం ఎంత? నలుగురున్న కుటుంబం మల్టీప్లెక్స్‌కు వెళ్లిరావాలంటే ఒక రోజు కూలి కంటే ఎక్కువే ఖర్చయ్యే ఈ రోజుల్లో ఇది తెలుసుకోవాల్సిన విషయమే. రిలీజ్ ప్రచారంలో వినిపించే మాటలు, వాటి వెనకున్న లెక్కలు ఒక్కొక్కటిగా చూద్దాం.

ప్రచారమంతా మొదటి మూడు రోజుల కోసమే.. ఎందుకు?

ఒకప్పుడు సినిమా యాభై రోజులు, వంద రోజులు ఆడేది. రిక్షాకు మైకు కట్టి ఊరంతా తిప్పేవాళ్లు, కరపత్రాలు పంచేవాళ్లు. సినిమా బాగుందన్న మాట ఊళ్లోకి పాకడానికి టైమ్ ఉండేది. ఇప్పుడు ఆ టైమ్ లేదు. ఒకేరోజు వందల స్క్రీన్లలో విడుదల, ఆ తర్వాతి శుక్రవారం ఇంకో సినిమా. చాలా తెలుగు సినిమాలు నాలుగు వారాలు తిరిగేసరికి ఓటీటీలోకి వచ్చేస్తున్నాయి.

వ్యాపారం జరిగే పద్ధతి కూడా దీనికి కారణమే. నిర్మాత సినిమాను నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని ఏరియాల వారీగా అమ్ముతాడు. కొన్నిసార్లు బయ్యర్ పూర్తిగా కొనేస్తాడు. కొన్నిసార్లు తిరిగి ఇవ్వనక్కర్లేని అడ్వాన్స్ కడతాడు. ట్రేడ్‌లో దీన్ని ఎన్‌ఆర్‌ఏ అంటారు. ఎలా కొన్నా డబ్బు విడుదలకు ముందే చేతులు మారుతుంది. టాక్ బయటకు రాకముందే ఎంత వీలైతే అంత వెనక్కి రాబట్టుకోవాలన్నది బయ్యర్ తొందర. అందుకే ప్రచారమంతా శుక్ర, శని, ఆదివారాల మీదే గురిపెడుతుంది. "సినిమా బాగుంది" అని ఎవరూ చెప్పకముందే మనం టికెట్ కొనాలి. అదీ అసలు సంగతి.

రేటు ఎక్కువున్న రోజే.. సమాచారం తక్కువ

దీనికి 'పుష్ప 2' కంటే మంచి ఉదాహరణ దొరకదు. తెలంగాణలో 2021 డిసెంబర్‌లో వచ్చిన జీవో ప్రకారం మల్టీప్లెక్స్‌లో మామూలు సీటుకు గరిష్ఠ ధర 250 రూపాయలు. 18 శాతం జీఎస్టీ కలిపితే 295. 'పుష్ప 2' కోసం 2024 డిసెంబర్‌లో ప్రభుత్వం దీనిపై అదనంగా పెంచుకోవడానికి అనుమతి ఇచ్చింది. ఆ పెంపు ఎలా ఉందో చూడండి.

* డిసెంబర్ 4 రాత్రి ప్రీమియర్ షో: అదనంగా 800. జీఎస్టీతో టికెట్ 1,239 రూపాయలు.
* డిసెంబర్ 5 నుంచి 8 వరకు: అదనంగా 200. టికెట్ 531.
* డిసెంబర్ 9 నుంచి 16 వరకు: అదనంగా 150. టికెట్ 472.
* డిసెంబర్ 17 నుంచి 23 వరకు: అదనంగా 50. టికెట్ 354.

ఆ తర్వాత మళ్లీ మామూలు 295. అంటే నలుగురు కలిసి ప్రీమియర్‌కు వెళితే 4,956 రూపాయలు. అదే సినిమా, అదే తెర, అదే సీట్లు.. మూడు వారాలు ఆగితే 1,180. మధ్యలో తేడా 3,776 రూపాయలు. పాప్‌కార్న్, పార్కింగ్ ఇంకా లెక్కలోకి రాలేదు.

అభిమాని ఆ డబ్బు తెలిసే పెడతాడు. మొదటి షోలో పేపర్లు ఎగరేసి, ఈలలు వేసే ఆనందానికి అది ధర. దాన్ని తప్పుపట్టాల్సిన పనిలేదు. కానీ మామూలు ప్రేక్షకుడికి మాత్రం ఇది తలకిందుల బేరం. సరుకు గురించి ఏమీ తెలియని రోజున ఎక్కువ రేటు. అన్నీ తెలిసిన రోజున తక్కువ రేటు. కూరగాయల మార్కెట్‌లో ఇలాంటి బేరానికి ఎవరైనా ఒప్పుకుంటారా?

ఆంధ్రప్రదేశ్‌లో ధరల జీవో వేరు, పెద్ద సినిమాలకు పెంపు ఉత్తర్వులు వేరు. అయితే పెంపు మొదటి రోజుల్లోనే ఉండటం అక్కడా మామూలే. ఇంకో విషయం.. 2025 సెప్టెంబర్ 22 నుంచి 100 రూపాయల లోపు టికెట్లపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. 100 దాటితే మాత్రం పాత 18 శాతమే. కాబట్టి ఈ ఊరట చిన్న ఊళ్ల సింగిల్ స్క్రీన్ ప్రేక్షకులకే.. మల్టీప్లెక్స్‌కు వెళ్లేవాళ్లకు దాదాపు లేనట్టే.

గ్రాస్, నెట్, షేర్.. పోస్టర్ మీద ఉండేది ఏది?

కలెక్షన్ల పోస్టర్ మీద దాదాపు ఎప్పుడూ కనిపించేది గ్రాస్. అదీ ప్రపంచవ్యాప్త గ్రాస్. మిగతా రెండు మాటలకు, దీనికి తేడా ఏంటంటే..

గ్రాస్: ప్రేక్షకులు టికెట్ల మీద పెట్టిన మొత్తం డబ్బు.
నెట్: అందులోంచి జీఎస్టీ తీసేస్తే మిగిలేది. 118 రూపాయల టికెట్‌లో నెట్ 100.
షేర్: నెట్‌లోంచి థియేటర్ అద్దె లేదా పర్సంటేజీ పోగా డిస్ట్రిబ్యూటర్ చేతికి వచ్చేది.

బయ్యర్ లాభపడ్డాడా, మునిగాడా అన్నది షేర్‌ను బట్టే తెలుస్తుంది. అతను కొన్న రేటు కంటే షేర్ ఎక్కువ వస్తే బ్రేక్ ఈవెన్ దాటినట్టు. పోస్టర్ మీద వంద కోట్లు ఉన్నా, సినిమా అంతకు మించిన రేటుకు అమ్ముడైతే బయ్యర్లకు నష్టమే. అద్దె మంచిదా, పర్సంటేజీ మంచిదా అన్న గొడవ 2025 మే నెలలో థియేటర్లు మూసేస్తామనే దాకా వెళ్లింది కూడా.

ఇక ఆ అంకె ఎవరు ప్రకటిస్తారు? నిర్మాణ సంస్థే. మన దగ్గర కలెక్షన్లను రోజూ అధికారికంగా ప్రకటించే, అందరూ ఒప్పుకునే ఏర్పాటు లేదు. 2025 జనవరి 10న విడుదలైన 'గేమ్ ఛేంజర్'కు మొదటి రోజు ప్రపంచవ్యాప్తంగా 186 కోట్ల గ్రాస్ వచ్చిందని పోస్టర్ వేశారు. ట్రేడ్ అంచనాలు దానికి చాలా దూరంలో ఉండటంతో సోషల్ మీడియాలో పెద్ద రచ్చే జరిగింది. ఏ లెక్క నిజమన్నది పక్కన పెడదాం. ఒక సినిమాకు ఎంత వచ్చిందన్నది, ఆ సినిమా మనకు నచ్చుతుందా లేదా అన్న ప్రశ్నకు జవాబు కాదు. ఆ పోస్టర్ "అందరూ చూసేశారు, నువ్వే మిగిలావు" అని తొందరపెట్టే ప్రకటన మాత్రమే.

ట్రైలర్‌లో ఉన్నది సినిమాలో లేకపోతే కేసు వేయొచ్చా?

చాలామందికి ఈ అనుమానం ఉంటుంది. దీనికి సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో సమాధానం ఇచ్చింది.

షారుక్ ఖాన్ నటించిన 'ఫ్యాన్' 2016లో వచ్చింది. ప్రచారంలో మోత మోగించిన 'జబ్రా ఫ్యాన్' పాట సినిమాలో లేదు. ఆ పాట చూసే పిల్లలు వెళ్దామన్నారని, తీరా పాటే లేదని మహారాష్ట్రకు చెందిన ఒక టీచర్ వినియోగదారుల ఫోరంకు వెళ్లారు. రాష్ట్ర కమిషన్ 10,000 రూపాయల పరిహారం, 5,000 రూపాయల ఖర్చులు ఇవ్వాలంది. జాతీయ కమిషన్ కూడా దాన్ని సమర్థించింది. కానీ సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. ప్రమోషనల్ ట్రైలర్ అన్నది ప్రేక్షకుడికి ఇచ్చిన హామీ కాదని, దాంతో ఒప్పందం ఏర్పడదని తేల్చింది. ట్రైలర్‌లో ఉన్నది సినిమాలో లేనంత మాత్రాన సేవా లోపం కిందకు రాదని చెప్పింది.

మన దగ్గరా ఇలాంటిది జరిగింది. 'గేమ్ ఛేంజర్'లో 'నానా హైరానా' పాట విడుదలకు ముందే బాగా పాపులర్. మొదటి రోజు థియేటర్లలో మాత్రం అది లేదు. సాంకేతిక సమస్య వల్ల ఆపామని చిత్రబృందం చెప్పింది. తర్వాత కలిపారు. ఎక్కువ రేటు పెట్టి మొదటి రోజే వెళ్లినవాళ్లు పాట లేని సినిమా చూశారు. ఆగి వెళ్లినవాళ్లు పాటతో చూశారు!

24 గంటల్లో ఇన్ని వ్యూస్.. నమ్మొచ్చా?

ట్రైలర్ వచ్చిన మర్నాడు వ్యూస్ పోస్టర్ కూడా రావడం ఇప్పుడు ఆనవాయితీ. ఈ వ్యూస్‌లో ఇష్టపడి చూసినవి కొన్ని, వేరే వీడియో మధ్యలో యాడ్‌గా వచ్చినవి కొన్ని. డబ్బు పెట్టి యాడ్‌గా వేయించుకోవడం చట్టవిరుద్ధమేమీ కాదు. కానీ దీంతో రికార్డుల లెక్క గందరగోళం కావడంతో 2019 సెప్టెంబర్‌లో యూట్యూబే తన 24 గంటల రికార్డుల లెక్కింపు నుంచి, మ్యూజిక్ చార్టుల నుంచి యాడ్ వ్యూస్‌ను పక్కన పెట్టింది. వీడియో కింద కనిపించే మొత్తం వ్యూస్ చూసి సినిమాకు ఎంత క్రేజ్ ఉందో లెక్కేసుకోకపోవడమే మంచిది.

ఒకే సంక్రాంతి.. ఒకే నిర్మాణ సంస్థ.. రెండు రకాల ప్రచారం

ప్రచారం మొత్తం దండగ అనలేం. 2025 సంక్రాంతికి శ్రీ వెంకటేశ్వర క్రియేషన్స్ నుంచి రెండు సినిమాలు వచ్చాయి. జనవరి 10న శంకర్ దర్శకత్వంలో 'గేమ్ ఛేంజర్', 14న అనిల్ రావిపూడి దర్శకత్వంలో 'సంక్రాంతికి వస్తున్నాం'. మొదటిదానికి అమెరికాలో డాలస్ దగ్గర ఈవెంట్, రాజమండ్రిలో భారీ సభ, పాటలకే కోట్లలో ఖర్చన్న ప్రచారం. రెండోదానికి దర్శకుడు, వెంకటేశ్, హీరోయిన్లు కలిసి చేసిన సరదా వీడియోలు, 'గోదారి గట్టు' పాట. రమణ గోగుల గొంతు మళ్లీ వినిపించడంతో ఆ పాట పెళ్లిళ్లలో, పల్లెటూళ్ల డీజేల్లో మోగిపోయింది.

ఫలితం తెలిసిందే. పెద్ద ప్రచారం చేసిన సినిమా చతికిలపడింది. రెండోది 300 కోట్లు దాటిందని నిర్మాతలు ప్రకటించారు. ఇక్కడ గమనించాల్సింది ఖర్చు కంటే నిజాయితీ. 'సంక్రాంతికి వస్తున్నాం' ప్రచారం చూసినవాళ్లకు లోపల ఏముంటుందో ముందే అర్థమైంది. భార్య, మాజీ ప్రేయసి మధ్య నలిగే హీరో, పండగ కామెడీ, పిల్లాపాపలతో చూసే సినిమా. థియేటర్లో దొరికిందీ అదే. ప్రచారం చెప్పిన మాట, సినిమా చెప్పిన మాట ఒకటైతే జనమే మిగతా పబ్లిసిటీ చేసిపెడతారు. "కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు" అన్న ప్రశ్న 2015 జూలై నుంచి 2017 ఏప్రిల్ దాకా నలిగింది కూడా అందుకే. అది సినిమా ముగింపులోంచి పుట్టిన ప్రశ్న.

హడావిడికి మూల్యం డబ్బే కాదు

2024 సెప్టెంబర్ 22న హైదరాబాద్‌లో 'దేవర' ప్రీ రిలీజ్ ఈవెంట్‌ను జనం తాకిడి తట్టుకోలేక రద్దు చేశారు. అదే ఏడాది డిసెంబర్ 4 రాత్రి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సంధ్య థియేటర్ దగ్గర 'పుష్ప 2' ప్రీమియర్ సమయంలో తొక్కిసలాట జరిగి ఒక మహిళ ప్రాణాలు కోల్పోయింది, ఆమె కొడుకు తీవ్రంగా గాయపడ్డాడు. సరిగ్గా నెలకు, 2025 జనవరి 4న రాజమండ్రి 'గేమ్ ఛేంజర్' ఈవెంట్ నుంచి తిరిగి వెళ్తూ ఇద్దరు యువకులు రోడ్డు ప్రమాదంలో చనిపోయారు.

సంధ్య థియేటర్ ఘటన తర్వాత బెనిఫిట్ షోలు ఉండవని తెలంగాణ ప్రభుత్వం చెప్పింది. అయినా 'గేమ్ ఛేంజర్'కు తెల్లవారుజామున 4 గంటల షోకు, రేట్ల పెంపునకు అనుమతి వచ్చింది. హైకోర్టు ప్రశ్నించడంతో ఆ అనుమతిని వెనక్కి తీసుకుంది. బెనిఫిట్ షో అన్న పేరు ఒకప్పుడు సాయం కోసం వేసే ఆటలకు ఉండేది. ఇప్పుడు ఆ బెనిఫిట్ ఎవరికన్నదే ప్రశ్న.

టికెట్ బుక్ చేసే ముందు ఇవి చూసుకోండి

* సెన్సార్ సర్టిఫికెట్: ప్రచారంలో నమ్మదగ్గ సమాచారం ఇదే. 2024 నవంబర్ నుంచి యూఏ సినిమాలను 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్ అని విడగొడుతున్నారు. పిల్లలతో వెళ్లేవాళ్లు పోస్టర్ మూలన ఉన్న ఈ అంకె చూడాలి, కోట్ల అంకె కాదు.
* నిడివి: మూడు గంటలు దాటిన సినిమాకు సెకండ్ షో వెళితే ఇంటికి ఎన్ని గంటలకు చేరతారో ముందే లెక్కేసుకోండి.
* ప్రీమియర్ టాక్: అమెరికాలో ఒకరోజు ముందే షోలు పడతాయి. మన దగ్గర మ్యాట్నీ టైమ్‌కు టాక్ పక్కాగా తెలిసిపోతుంది. అయితే మొదటి షో పోస్టులు ఎక్కువగా అభిమానులవి, యాంటీ ఫ్యాన్స్‌వి. సాయంత్రం దాకా ఆగితే మామూలు జనం మాట వినిపిస్తుంది.
* సోమవారం: సినిమాకు అసలు పరీక్ష ఇదే. ఆ రోజు మీ ఊరి థియేటర్ బుకింగ్ చార్ట్‌లో సీట్లు నిండుతుంటే సినిమాలో ఏదో ఉన్నట్టే.
* రేటు తేదీలు: పెంపు ఎప్పటివరకో జీవోలోనే ఉంటుంది. ఆ తేదీ దాటాక ఒక్కరోజు ఆగినా నలుగురి కుటుంబానికి వందల్లో మిగులుతుంది.

నచ్చిన హీరో సినిమా మొదటి రోజే చూడాలనుకుంటే హాయిగా చూడండి. కానీ అది మీ ఇష్టంతో తీసుకున్న నిర్ణయమై ఉండాలి, పోస్టర్ పెట్టిన తొందర కాకూడదు. మంచి సినిమా రెండో వారంలోనూ అక్కడే ఉంటుంది. రెండో వారానికి వెళ్లిపోయే సినిమా అయితే.. మీ డబ్బు మీ దగ్గరే ఉంటుంది.