పురానాకిల్లా ప్రక్కనున్న క్రీడారంగము

ఢిల్లీలో రాష్ట్రపతి భవనమునుండి తిన్నగా తూర్పునకు సాగివచ్చు రాజవీథి, ఇండియా గేటును దాటిన పిమ్మట, ఒక క్రీడారంగము ముంగిట ముగియును. దానికి వెనుక, నడుమ మథురా రోడ్డు మాత్రమే అడ్డముగా, పురానాకిల్లా ప్రాకారములు నిలిచియున్నవి. నేడు హాకీ మాంత్రికుడు ధ్యాన్‌చంద్ పేర వెలయుచున్న ఆ రంగమును చూడబోవువారు అందలి పచ్చని మైదానమును కన్నులార చూచి మరలివత్తురు గాని, ఆసియా ఖండపు జాతులు స్వతంత్ర భారతమున తొలిసారి కూడి ఆడుకొన్న నేల ఇదియేయని తలచువారు అరుదు. అంతర్జాతీయ క్రీడోత్సవములకు ఆతిథ్యమొసగిన నగరముల చరిత్రను వ్రాయువారు సామాన్యముగా పతకముల పట్టికలతో ఆరంభింతురు. నాకు ఆ చరిత్రను నేలనుబట్టి చదువవలెనని తోచును: ఆటకు పూర్వము ఆ నేలపై ఎవరుండిరి, ఆటకై దానిని ఎవరు చదును చేసిరి, ఆట ముగిసిన పిదప అది ఎవరి పాలయ్యెను అని.

ఈ కట్టడము ఆంగ్లేయుల పాలననాటిది. భావనగరపు మహారాజు కానుకగా ఒసగిన ధనముతో, కన్నాట్ ప్లేసును రూపొందించిన రాబర్ట్ టోర్ రస్సెల్ అను వాస్తుశిల్పి కల్పన ననుసరించి, 1933లో ఇది వెలసెను. అంతకు మునుపటి వైస్రాయి పేర దీనికి ఇర్విన్ ఆంఫీథియేటర్ అని నామకరణము చేసిరి. మరుసటి ఏడే ఇక్కడ పశ్చిమాసియా క్రీడోత్సవము జరిగెను. వచ్చినవి భారతము, అఫ్ఘానిస్థానము, సింహళము, పాలస్తీనా అను నాలుగే నాలుగు జట్లు. ఆ ఉత్సవమునకు ప్రాణము పోసినవాడు గురుదత్ సోంధీ. లాహోరు గవర్నమెంటు కాలేజీలో ఆచార్యుడై, తరువాత ప్రిన్సిపాలైన ఈ పంజాబీ పండితునకు ఆటలపైగల మక్కువ కేవల వినోదాసక్తి కాదు. ఒకరి పేరైనను ఒకరెరుగని ఆసియా జాతులు పరస్పరము పరిచితులు కావలెనన్న తపన అది. ప్రాగ్దేశములలో ఇట్టి ప్రయత్నము ఆవరకే జరిగియుండెను. 1913లో మనీలా నగరమున ఫిలిప్పీనులు, చీనా, జపాను కలసి ఆరంభించిన దూరప్రాచ్య క్రీడోత్సవములు పదిమారులు జరిగి, మంచూరియాలో జపాను నెలకొల్పిన రాజ్యమునకు ప్రవేశమీయవలెనా కూడదా అను వివాదమున 1934లో విచ్ఛిన్నమయ్యెను. సోంధీ తలపెట్టిన ఉత్సవమును 1938లో పాలస్తీనాలో జరుపవలసియుండెనుగాని అదియు కొనసాగలేదు. అంతట ప్రపంచయుద్ధము వచ్చిపడెను.

1947 మార్చిలో, స్వాతంత్ర్యము ఇంకను నాలుగైదు మాసముల దూరమున నుండగనే, జవహర్‌లాల్ నెహ్రూ పూనికతో పురానాకిల్లా ప్రాంగణమున ఆసియా దేశముల మహాసభ జరిగెను. దానికి అధ్యక్షత వహించినది మన హైదరాబాదు ఆడపడుచు సరోజినీదేవి; కడపటి దినములలో గాంధీమహాత్ముడు వచ్చి ప్రసంగించెను. శతాబ్దములుగా పరపాలకుల కన్నులతోడనే ఒకరినొకరు చూచుకొనుచుండిన జాతులు ముఖాముఖి కూర్చుండిన ఆ సభయే సోంధీ పూర్వసంకల్పమునకు క్రొత్త ఊపిరి పోసెను. కాని అదే సంవత్సరము సెప్టెంబరులో, అవే ప్రాకారముల నడుమ, ఢిల్లీ వీథులలో చెలరేగిన మారణకాండకు వెఱచి ఇండ్లు విడిచిన వేలకొలది ముస్లిములు, పాకిస్థానమునకు పోవు రైళ్ళకై ఎదురుచూచుచు, ఎండకు వానకు ఓర్చి పడియుండిరి. వారు వెడలిన పిమ్మట, పశ్చిమ పంజాబులో సర్వస్వము కోల్పోయి వచ్చిన హిందువులు, సిక్కులు ఆ కోటలోనే ఏండ్ల తరబడి కాపురముండిరి. సోంధీ జీవితమంతయు ధారపోసిన లాహోరు పరదేశమయ్యెను. ఆసియా ఐక్యమును గూర్చి మహోపన్యాసములు మ్రోగిన చోటనే, ఆరునెలలు తిరుగకమునుపే, ఒకే నేలబిడ్డలు ఒకరి భయమున నొకరు తలదాచుకొనిరన్న విషయమును తలచినపుడెల్ల నా మనస్సు కలతపడును.

ఇట్టి గాయము పచ్చిగా నుండగనే ఢిల్లీ అతిథులను పిలువ సాహసించెను. 1948లో లండను ఒలింపిక్సుకు వచ్చిన ఆసియా ప్రతినిధులను సోంధీ ఒక హోటలులో సమావేశపరచి తన సంకల్పమును వారి ముందుంచెను. 1949 ఫిబ్రవరిలో ఢిల్లీలో ఆసియా క్రీడా సమాఖ్య ఏర్పడగా, పాటియాలా మహారాజు యాదవీంద్రసింగ్ దానికి తొలి అధ్యక్షుడయ్యెను. ఈయన భారతదేశము తరఫున క్రికెట్ టెస్టు ఆడినవాడు కూడ. ఉత్సవమును 1950లోనే జరుపవలెనని మొదట నిశ్చయించిరిగాని సన్నాహములు పూర్తికాలేదు. నిర్వహణభారము క్రికెట్ నియంత్రణమండలికి తొలి కార్యదర్శియైన ఆంథొనీ డిమెల్లో భుజములపై పడెను. ఇర్విన్ పేరు తొలగి ఆ రంగము నేషనల్ స్టేడియమయ్యెను. 1950 జనవరి 26న గణతంత్ర భారతపు తొలి కవాతు జరిగినది కూడ ఈ రంగముననే. నాటి ముఖ్య అతిథి ఇండొనీషియా అధ్యక్షుడు సుకర్ణో. ఈయన పేరును పాఠకులు జ్ఞప్తియందుంచుకొందురుగాక.

1951 మార్చి 4. ఎఱ్ఱకోటలో సూర్యకిరణములనుండి వెలిగించిన జ్యోతిని మాజీ ఒలింపిక్ క్రీడాకారులు చేతులు మార్చుకొనుచు తేగా, 1924 పారిస్ ఒలింపిక్సులో పాల్గొన్న దలీప్‌సింగ్ దానిని రంగములోనికి గొనివచ్చెను; రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ఉత్సవము నారంభించెను. పదునొకండు దేశములు, 489 మంది క్రీడాకారులు, ఆరు విధములైన క్రీడలు: ఒక్క వారములో, మార్చి 11 నాటికి, సర్వము ముగిసెను. నేటి ఉత్సవములతో పోల్చినచో అది గ్రామదేవత జాతరవంటిది. ఐనను జాతరకుగల శోభ దానికి కలదు. ఆటను ఆట స్ఫూర్తితో ఆడుడని నెహ్రూ పంపిన సందేశమును కాగితముపై చదివి మఱచిపోదగినదిగా నేను భావింపను. ఏలయన దాని పరీక్ష ఆ వారములోనే జరిగెను. లండను ఒలింపిక్సుకు పిలుపునోచుకొనని జపాను ఢిల్లీకి వచ్చెను. శాంతిసంధి ఇంకను కుదురలేదు. ఆ దేశము అమెరికా సేనల ఆక్రమణలోనే యుండెను. జపాను సైన్యముల చేతిలో నలిగిన ఫిలిప్పీనులు, బర్మా, సింగపూరు జట్లు ఆ మైదానముననే యుండెను. అట్టి సమయమున యుద్ధాపరాధమును ఆ దేశపు యువకుల తలపై మోపక, సాటివారితో సమానముగా నిలువనిచ్చుట ఢిల్లీ చేసిన మహత్కార్యమని నా నిశ్చితాభిప్రాయము. జపాను ఇరువదినాలుగు స్వర్ణపతకములతో ప్రథమస్థానమున, భారతము పదునైదింటితో ద్వితీయస్థానమున నిలిచెను. సచిన్ నాగ్ నూరు మీటరుల ఈతలో గెలిచి మనకు తొలి స్వర్ణము తెచ్చెను. లెవీ పింటో నూరు, రెండునూర్ల మీటరుల పరుగులు రెండింటను గెలిచెను. స్త్రీల నూరు మీటరుల పరుగులో రోషన్ మిస్త్రీ రజతము గడించెను.

ఫుట్‌బాల్ కడపటి పోటీలో సాహు మేవాలాల్ కొట్టిన ఒకే ఒక గోలుతో భారతము ఇరానును ఓడించెను. ఆ జట్టును తీర్చిదిద్దినవాడు హైదరాబాదులో బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం. శిష్యులందరు ఆయనను రహీంసాబ్ అనియే పిలిచెడివారు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టును దేశమున సాటిలేనిదిగా చేసిన ఆ గురువు పేరు, మన పట్టణములలో ఫుట్‌బాల్ మైదానములు సన్నగిల్లినట్లే, మన స్మృతిలోను సన్నగిల్లినది. ఇది మనకు శోభస్కరము కాదు. కృష్ణాజిల్లా బిడ్డ దండమూడి రాజగోపాలరావు కూడ ఆ ఉత్సవమున బరువులెత్తు పోటీలో పాల్గొనెను. నర్తనశాల చలనచిత్రమున భీముని వేషము ధరించినది ఈయనయే. బెజవాడలో ఇండోర్ స్టేడియమునకు ఆయన పేరు పెట్టిరి.

సుకర్ణోను జ్ఞప్తియందుంచుకొనుడని యంటిని. 1954లో మనీలా, 1958లో టోక్యో నగరములలో జరిగిన పిమ్మట, 1962లో ఆసియా క్రీడలు సుకర్ణో రాజధానియైన జకార్తాకు చేరెను. ఇజ్రాయేలు, తైవాను దేశముల క్రీడాకారులకు ఇండొనీషియా ప్రభుత్వము ప్రవేశము నిరాకరింపగా, ఎవరిని వెలివేయుటకును సమాఖ్య నియమములు ఒప్పవని వృద్ధుడైన సోంధీ పట్టుపట్టెను. జనసమూహములు భారత దౌత్యకార్యాలయముపై పడెను. సోంధీ ఆ నగరమును విడువవలసివచ్చెను. తాను కని పెంచిన ఉత్సవమునుండియే పరాభవముతో వెడలినను తన మాటను విడువని ఆ పెద్దమనిషి నా దృష్టిలో ఏ స్వర్ణపతక విజేతకును తీసిపోడు. అదే నగరమున, భారతీయుల పేరు వినినంతనే ఈసడింపులు చెలరేగు స్టేడియమున, రహీంసాబ్ జట్టు దక్షిణ కొరియాను రెండు గోలులకు ఒకటిగా ఓడించి స్వర్ణము గెలిచెను. మరుసటి సంవత్సరమే, 1963లో, కాన్సరు వ్యాధితో ఆయన కన్నుమూసెను.

ముప్పదియొక్క ఏండ్లకు ఆసియా క్రీడలు మరల ఢిల్లీకి వచ్చునప్పటికి కాలము మారెను. 1982 నవంబరు 19న ఆరంభమైన ఆ ఉత్సవమునకు ముప్పదిమూడు దేశములు వచ్చెను. అప్పు అను ఏనుగుపిల్ల బొమ్మ దేశమంతటను పిల్లల చేతులలో నాడెను. జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియము, ఇంద్రప్రస్థ ఇండోర్ స్టేడియము, సిరీఫోర్టు చెంత రాజ్ రేవాల్ కల్పించిన క్రీడాగ్రామము, నగరమంతట ఫ్లైఓవరులు అతిశీఘ్రముగా లేచెను. టెలివిజనుకు రంగులు వచ్చినది ఆ సంవత్సరమే. ఇవన్నియు అందరెరిగినవే గనుక వీనిపై నిలువను. నిలువవలసిన చోటు న్యాయస్థానము.

ఆ కట్టడములు లేపుటకు పలు రాష్ట్రములనుండి వలసవచ్చిన కూలీలకు దినమునకు కనీసవేతనము తొమ్మిది రూపాయల ఇరువదియైదు పైసలు. కాంట్రాక్టరులు ఆ సొమ్మును జమాదారుల చేతికిచ్చుచుండిరి; కూలీలను సమకూర్చిన జమాదారులు తలకొక రూపాయి కమీషను పట్టుకొని, మిగిలిన ఎనిమిది రూపాయల పావలా వారి చేతిలో పెట్టుచుండిరి. పదునాలుగేండ్లు నిండని పిల్లలును పనిలో నుండిరి. ముగ్గురు సామాజిక శాస్త్రవేత్తలు ఆ పనిచోట్లు తిరిగి వ్రాసిన నివేదికను ఆధారము చేసికొని, పీపుల్స్ యూనియన్ ఫర్ డెమొక్రాటిక్ రైట్స్ అను సంఘము సుప్రీంకోర్టు న్యాయమూర్తి పి. ఎన్. భగవతికి ఒక లేఖ వ్రాయగా, ఆ లేఖయే దావాగా స్వీకరింపబడెను. క్రీడలకు రెండు నెలలు ముందుగా, 1982 సెప్టెంబరులో, తీర్పు వెలువడెను. ఆకలి ప్రేరణచేత కనీసవేతనముకంటె తక్కువకు పనిచేయువాడు స్వేచ్ఛతో పనిచేయువాడు కాడనియు, అట్టి పని రాజ్యాంగపు ఇరువదిమూడవ అధికరణము నిషేధించిన బలవంతపు చాకిరియేయనియు న్యాయస్థానము నిర్ణయించెను. బాలకార్మిక నిషేధపు చట్టపు పట్టికలో నిర్మాణపు పని లేదన్న సాకును త్రోసిపుచ్చి, ఇరువదినాలుగవ అధికరణము తనంత తానుగా వర్తించునని పలికెను. గడీల కాలమున వెట్టి అను మాటకు ఎంతటి బరువుండెనో తెలంగాణపు పెద్దలకు చెప్పనక్కఱలేదు. ఆ వెట్టిని నిర్వచించిన తీర్పు ఒక క్రీడోత్సవపు ఇటుకల నడుమనుండి పుట్టెను. ఆ ఉత్సవము నగరమునకొసగిన స్టేడియములన్నింటికంటె ఆ తీర్పు చిరకాలము నిలువదగినది. ఆ పేర్లేని కూలీల రూపాయి లెక్క లేనిదే ఢిల్లీ ఆతిథ్యచరిత్ర పూర్తికాదు.

తెలుగునేలకు ఇట్టి ఉత్సవము వచ్చినది 2003లో. ఆఫ్రికా, ఆసియా ఖండములు కలసి ఆడవలెనన్న ఆలోచన ఏండ్ల తరబడి వాయిదాలు పడి, 2001లో ఢిల్లీలో జరుగవలసినది అదియు తప్పి, తుదకు హైదరాబాదును చేరెను. 2002లో జాతీయ క్రీడలకై గచ్చిబౌలి రాళ్ళగుట్టల నడుమ స్టేడియములు అప్పటికే లేచియుండెను. అక్టోబరు 24 మొదలు నవంబరు 1 వరకు ఆఫ్రో-ఆసియా క్రీడలు జరిగెను. ఇంకను బడియీడు దాటని సానియా మీర్జా టెన్నిసులో నాలుగు స్వర్ణములు గెలిచెను. రెండవ ఉత్సవమునకు అల్జీరియాను నిర్ణయించిరిగాని అది జరుగనేలేదు. అందువలన ఆ క్రీడలకు ఆతిథ్యమొసగిన నగరము లోకమున హైదరాబాదొక్కటియే. 2007లో ప్రపంచ సైనిక క్రీడలును ఈ నగరముననే జరిగెను.

ఆ ఉత్సవముల పిమ్మట గచ్చిబౌలి క్రీడాప్రాంగణమున, క్రీడాకారుల బసకై కట్టిన బహుళాంతస్తుల భవనము చాలకాలము నిరుపయోగముగా నుండెను. 2020లో కరోనా మహమ్మారి వ్యాపించినపుడు ప్రభుత్వము దానిని కొలది వారములలో బాగుచేయించి, పడకలు వేయించి, టిమ్స్ అను పేర ఆసుపత్రిగా తెరచెను. ఒకప్పుడు ఆటగాండ్రు నిద్రించుటకై కట్టిన గదులలో ఊపిరికై పోరాడు రోగులు చేరిరి.