లాకులు, తూములు, స్విచ్ పోర్టులు

ఒక ఇంటర్నెట్ లైనుని నలభై ఫ్లాట్లకి పంచాలి, ఏ స్విచ్ కొనాలి? ఈ ప్రశ్న అడిగితే మన సాఫ్ట్‌వేర్ జనం ఠక్కున ఒక మోడల్ నంబరు చెప్పేస్తారు. నేనైతే ముందు ఏలూరు కాలవ కథ చెప్తాను. కాస్త ఓపిక పట్టండి, స్విచ్ దగ్గరికే వస్తాను.

1833 ప్రాంతంలో గుంటూరు సీమని కరువు ఊడ్చేసింది. మన పెద్దవాళ్ళు డొక్కల కరువు అనేది దాన్నే. అటు గోదావరి, ఇటు కృష్ణ, రెండూ నిండుగా పారి సముద్రంలో కలుస్తుంటే మధ్యలో జనం ఆకలితో చచ్చిపోయారు. 1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టాడు, 1852కి పూర్తయ్యింది. 1855కి బెజవాడ దగ్గర కృష్ణకీ ఆనకట్ట వచ్చింది. గోదావరి వైపు నుంచి తాడేపల్లిగూడెం మీదుగా వచ్చే కాలవా, బెజవాడ నుంచి వచ్చే కాలవా ఏలూరులో కలిశాయి. రెండిటి పేరూ ఏలూరు కాలవే! మట్టాలు వేరైన చోట్ల లాకులు కట్టారు. లాకులు దాటుకుంటూ పడవలు ఒక డెల్టా నుంచి ఇంకో డెల్టాకి వెళ్ళేవి. రెండు నెట్‌వర్కులని కలపటం అంటే ఇదే కదా.

ఐతే ఆనకట్టతో నీళ్ళు వచ్చాయి గానీ, పంపకం దానంతటది రాలేదు. కాలవ ఎగువన ఉన్న రైతు తూము బార్లా తెరిస్తే శివారు రైతుకి బురదే మిగుల్తుంది. ఎగువ రైతు దుర్మార్గుడేమీ కాదు, కళ్ళ ముందు నీళ్ళున్నాయి, తీసుకున్నాడు. అందుకని తూముకి ఒక కొలత పెట్టారు, పెద్ద కాలవలకి గేట్లు పెట్టారు, గేట్ల దగ్గర లస్కర్లని పెట్టారు. దాళ్వాకి నీళ్ళు చాలకపోతే వంతులు పెట్టారు. ఇంత చేసినా శివారు గొడవలు పూర్తిగా పోలేదు, అది వేరే సంగతి.

ఇప్పుడు మన వైపుకి వద్దాం. 1973లో జెరాక్స్ పార్క్ ల్యాబులో బాబ్ మెట్‌కాఫ్ ఈథర్నెట్‌ని ఊహించినప్పుడు అందరికీ కలిపి ఒకే తీగ. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే గుద్దుకోవటమే. 1990లో కల్పన అనే కంపెనీ (స్థాపకుడు వినోద్ భరద్వాజ్, మనవాడే) ఏడు పోర్టుల ఈథర్‌స్విచ్ తెచ్చింది. ప్రతి పోర్టుకీ విడి దారి. నాలుగేళ్ళకి, అంటే 1994లో, సిస్కో ఆ కంపెనీని కొనేసింది. గుద్దుకోవటం తగ్గింది గానీ, బయటికి వెళ్ళే లైను మాత్రం ఒక్కటే. కాలవ ఒక్కటే, బోదెలు బోలెడు!

1986లో ఇంటర్నెట్ రద్దీతో దాదాపు కుప్పకూలింది. అప్పుడు వాన్ జేకబ్సన్ టీసీపీకి మర్యాద నేర్పాడు (1988): ప్యాకెట్ పోతే వేగం తగ్గించుకో అని. బానే ఉంది. కానీ ఈ మర్యాద కనెక్షన్‌కే గానీ మనిషికి కాదు. ఒకడు టోరెంటులో యాభై కనెక్షన్లు తెరిస్తే, వాడిది ఒక పొలానికి యాభై తూములన్నమాట. పక్క ఫ్లాట్లో పాఠం వింటున్న పిల్లాడికి ఒక్కటే తూము. ఆ పిల్లాడే మన శివారు రైతు. పోర్టుకింత అని హద్దు పెట్టే మేనేజ్డ్ స్విచ్ కావలసింది వాడి కోసం.

మరి కొనేటప్పుడు ఏం చూడాలి?

ఒకటి, రెండు వైపులా హద్దు పెట్టొచ్చా? ఇంట్లోవాళ్ళ డౌన్‌లోడ్ స్విచ్‌కి బయటికి పోయే రద్దీ, అప్‌లోడ్ లోపలికి వచ్చేది. ఒక వైపే పెట్టగలిగితే సగం పనే.

రెండు, మెట్టు ఎంత? కొన్నిట్లో 64 కేబీపీఎస్ మెట్లలో పెట్టొచ్చు, కొన్నిట్లో 1 ఎంబీపీఎస్ మెట్లలోనే. బర్స్ట్ సైజు కూడా మార్చగలగాలి. అది మరీ చిన్నదైతే టీసీపీ పదే పదే వెనక్కి తగ్గి, మీరు 10 పెట్టినా 10 అందదు.

మూడు, బఫర్. దీనికి కొల్లేరుని చూడండి. బుడమేరు, తమ్మిలేరు వరద తెచ్చి పోస్తే కొల్లేరు పట్టుకుని, ఉప్పుటేరు మోయగలిగినంత సముద్రానికి వదులుతుంది. సరస్సులో చేపల చెరువుల గట్లు లేచేకొద్దీ వరదకి చోటు తగ్గింది. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది, 2005-06లో చెరువుల గట్లు కొట్టేశారు. బఫర్ తగ్గితే వరద ఊళ్ళ మీద పడుతుంది, స్విచ్‌లో ఐతే ప్యాకెట్లు పోతాయి. అలాగని మరీ పెద్ద బఫరూ మంచిది కాదు, నీళ్ళు నిలిస్తే చేను కుళ్ళినట్టు, క్యూలో నిలిచిన ఫోను మాట ముక్కలౌతుంది.

నాలుగు, చాలామంది మర్చిపోయేది: పోర్టు హద్దు మామూలుగా మొత్తం రద్దీకి వర్తిస్తుంది. 10 ఎంబీపీఎస్ పెడితే బిల్డింగులోని కెమెరా రికార్డరు కూడా ఆ పదిలోనే రావాలి.

ఐదు, పోర్టు హద్దు కొలత తూము లాంటిది, వంతు లాంటిది కాదు. 100 ఎంబీపీఎస్ లైనుని నలభైకి కచ్చితంగా పంచితే తలా రెండున్నర. పగలు ముప్పై ఇళ్ళు ఖాళీగా ఉన్నా మిగతా పదికీ అదే రెండున్నర. తలా పది ఇస్తే, రాత్రి పదిమంది చాలు లైను నింపటానికి. ఎవరు వాడుతుంటే వాళ్ళ మధ్య అప్పటికప్పుడు పంచే పని లైను మొదట్లో ఉన్న రౌటరుది. స్విచ్ దానికి తోడే గానీ బదులు కాదు. నా లెక్కలో రెండూ కావాలి: రౌటర్లో వంతు, పోర్టులో కాస్త వదులుగా హద్దు.

చివరగా, పోర్టువారీ లెక్కలు చూపించే స్విచ్చే కొనండి, కొన్నాక ఆ లెక్కలు చూసే మనిషిని కూడా పెట్టుకోండి. రాత్రి తొమ్మిదింటికి చిట్టచివరి ఫ్లాట్‌కి ఎంత అందుతోందో వారానికోసారి చూస్తే చాలు. లస్కరు లేని గేటు ఎవడి బలం వాడిదే అన్నట్టు తయారౌతుంది, అది శివారు రైతులకి మనకన్నా బాగా తెలుసు.