రాష్ట్ర పండుగలో రంగం

1991లో సోవియట్ యూనియన్ కూలిపోయాక సైబీరియాలోని తువా ప్రాంతంలో పూనకంలో ఆత్మలతో మాట్లాడే షామన్లు మళ్లీ బహిరంగంగా డప్పు పట్టారు. అణచివేతలో దశాబ్దాలు మరుగున పడ్డ ఆచారం అక్కడ తిరిగి లేచింది. 2014లో తెలంగాణ ప్రభుత్వం బోనాలను రాష్ట్ర పండుగగా ప్రకటించినప్పుడు ఇక్కడా అదే జరిగిందని అనుకోవడం తేలిక. హైదరాబాద్ తూర్పు అంచున ఆ లెక్క కుదరదు. నాచారంలో ఫ్యాక్టరీలు లేచాయి, ఉప్పల్‌కు మెట్రో వచ్చింది, ఘట్‌కేసర్ పక్కనుంచి ఔటర్ రింగ్ రోడ్డు పోయింది. అయినా పోచమ్మ, మైసమ్మ గుళ్లు కాలనీల నడుమ నిలిచే ఉన్నాయి. ఆషాఢం, శ్రావణం వస్తే బోనమెత్తిన ఆడవాళ్ల కాళ్ల మీద వాకిళ్లలో నీళ్లు పోస్తూనే ఉన్నారు, డప్పు మోగితే అమ్మవారు పూనే శివసత్తులు శిగమూగుతూనే ఉన్నారు. ఆగని పూనకాన్ని ఎవరూ బతికించనక్కర్లేదు. కొత్తగా దక్కింది సర్కారు గౌరవం, దాంతోపాటు కొత్త శ్రోతలు.

అలాగని ఇది అనాదిగా మార్పులేకుండా వస్తున్న ఆచారమూ కాదు. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడి కథే చూడండి. 1813లో మహమ్మారి విరుచుకుపడ్డప్పుడు ఉజ్జయినిలో ఉన్న సైనిక డోలీ మోతగాడు సురిటి అప్పయ్య అమ్మవారికి మొక్కుకున్నాడనీ, 1815లో తిరిగొచ్చి కొయ్య విగ్రహం నిలిపాడనీ చెబుతారు. ఒక దండు ఊరిలో, ఒక జబ్బు భయంలోంచి పుట్టిన గుడి అది. బోనాల మర్నాడు అక్కడ పచ్చికుండ మీద నిలబడి ఒకామె భవిష్యవాణి వినిపిస్తుంది, అదే రంగం. వానలు, పంటలు, రోగాల గురించి చెబుతుంది, పూజలు సరిగా లేవని గద్దిస్తుంది. ఆ మాటలిప్పుడు టీవీల్లో ప్రత్యక్ష ప్రసారమవుతాయి.

దీన్ని షామనిజం అనవచ్చా అని పండితులు అడ్డు చెప్పవచ్చు. 1951లో మతాల చరిత్రకారుడు మిర్చా ఎలియాడే షామన్ అసలు లక్షణం ఆత్మయాత్ర అన్నాడు. ఇక్కడ మనిషి ఎక్కడికీ పోదు, దేవతే మనిషి మీదికొస్తుంది. తేడా నిజమే. కానీ డప్పు దెబ్బకు ఒళ్లు మరిచి, ఊరి కష్టానికి కారణమూ విరుగుడూ చెప్పే పని రెండుచోట్లా ఒకటే. ఇదంతా ప్రచార వేదికగా మారిందనేది మరో అభ్యంతరం. అందులో సగమే నిజం. కెమెరా ముందు రాష్ట్రం మొత్తానికీ చెప్పే మాటలో ఒక్కో ఇంటి గోడుకు చోటుండదు. పిల్లలు లేరనీ, జ్వరం తగ్గడంలేదనీ అడిగేవాళ్లకు జవాబు దొరికేది ఇంకా గల్లీ గుడి దగ్గరే.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం జోగిని ఆచారానిది. దేవత పేరుతో దళిత ఆడపిల్లలను అంకితం చేసి దోపిడీకి వదిలేసిన చరిత్ర ఈ నేలకుంది. దాన్ని నిషేధిస్తూ 1988లో చట్టమే తేవాల్సి వచ్చింది. పూనకంలో ఉన్న జోగినికి మొక్కి, పూనకం దిగాక ఆమెను దూరం పెట్టిన సమాజమిది. రాష్ట్ర పండుగ అనే బిరుదు ఆమె మిగతా ఏడాది బతుకును మార్చనంతవరకు, పెరిగింది పండుగ పరపతే గాని ఆమెది కాదు.